గీలా నది ఎండిపోయాక వచ్చిన షుగర్ వ్యాధి: మన ఏజెన్సీ గూడేలకు అందులో పనికొచ్చేది ఏముంది?

శబరి ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. నేను భద్రాచలం ఏజెన్సీలోని ఒక సబ్‌సెంటర్‌లో 11 ఏళ్లుగా ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో మా రిజిస్టరులో మలేరియా, రక్తహీనత, కాన్పులు, టీకాల వివరాలే ఉండేవి, షుగర్‌కంటూ ఒక పేజీ కూడా ఉండేది కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్తలు ఫారం నింపడం, మేము బీపీ, షుగర్ చూడడం మొదలైన తర్వాత కోయ గూడేలలో కూడా ఈ జబ్బు ఉన్నవారు వరుసగా బయటపడుతున్నారు. వారిలో లావుగా ఉన్నవారు తక్కువ, రోజంతా పొలంలోనో అడవిలోనో కష్టం చేసే సన్నటి మనుషులే ఎక్కువ.

గోడకు అంటించమని మాకు ఒక పోస్టరు ఇచ్చారు. అందులో ఆపిల్ పండు, ఓట్స్ గిన్నె, ట్రెడ్‌మిల్ మీద పరుగెడుతున్న ఒకాయన బొమ్మలున్నాయి. మొన్న ఒక అవ్వ ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈయన ఎక్కడికి పోతున్నాడు బిడ్డా?" అని అడిగింది. ఎక్కడికీ పోవడం లేదని చెప్పేసరికి అక్కడున్న వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ రోజు నేను చెప్పాలనుకున్న మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. అమెరికా, కెనడా ఆదివాసులలో ఈ జబ్బు ఎప్పటినుంచో ఉందని విన్నాను. వారు ఏం చేశారో, అందులో ఏది పనిచేసిందో తెలిసినవారు వివరంగా రాయగలరా?

గీలా తీరవాసి

నేను అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఫార్మసిస్టును. నగరం దక్షిణపు అంచు దాటగానే గీలా నది ఆదివాసుల రిజర్వేషన్ మొదలవుతుంది. బయటివారు పిమా అని పిలిచే ఆ ప్రజలు తమను తాము అకిమెల్ ఓఓధమ్, అంటే నది మనుషులమని చెప్పుకుంటారు. ఎడారిలో కాలువలు తవ్వి పంటలు పండించినవారు వారు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు ఎగబడి పోతున్న బాటసారులకు తిండిగింజలు అమ్మినవారు కూడా వారే. 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఎగువన స్థిరపడిన వలసదారులు నీటిని తమ పొలాలకు మళ్లించుకోవడంతో నది ఎండిపోయింది, పంటలు పోయి కరువు వచ్చింది, ఆ తర్వాత ప్రభుత్వం పంచిన తెల్ల పిండి, పందికొవ్వు, పంచదార, డబ్బా సరుకులే ఇంటి తిండిగా మారాయి. ఆ పిండిని నూనెలో వేయించి చేసే రొట్టె మన పూరీకి మందపాటి అన్నలా ఉంటుంది. ఇప్పుడు అక్కడి జాతరలన్నిటిలోనూ అది ఆదివాసుల వంటగానే అమ్ముడవుతుంది కానీ, నిజానికి అది రేషన్ మూటలోంచి పుట్టిన వంట.

1965 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఆ ప్రజలను దశాబ్దాల పాటు పరీక్షిస్తూ వచ్చారు. 35 ఏళ్లు దాటినవారిలో దాదాపు సగం మందికి మధుమేహం ఉందని తేలింది. గర్భంతో ఉన్న తల్లికి షుగర్ ఉంటే బిడ్డకు చిన్న వయసులోనే ఆ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని, పుట్టాక తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లలలో అది తక్కువని ప్రపంచానికి తెలియడంలో ఈ ప్రజల పాత్ర పెద్దది. కాన్పులు చూసే మీకు అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది ఈ రెండు ముక్కలేనని నా అభిప్రాయం.

ఇక పనిచేసినదాని సంగతి. 1997లో అమెరికా పార్లమెంటు ఆదివాసుల మధుమేహం కోసం ఒక ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసింది. ఆ డబ్బుతో ఏం చేయాలన్నది ప్రతి తెగా తన అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. ఒకచోట నడక బాట వేసుకున్నారు, ఒకచోట తోట పెట్టుకున్నారు, ఇంకొకచోట పాదాల పరీక్షకు మనిషిని పెట్టుకున్నారు. 1996 నుంచి 2013 మధ్య అమెరికా ఆదివాసుల పెద్దలలో మధుమేహం వల్ల కిడ్నీలు పూర్తిగా చెడిపోయే కేసుల రేటు 54 శాతం తగ్గింది. ఇందులో అద్భుతమైన కొత్త మందు ఏదీ లేదు. కిడ్నీలను కాపాడే పాత బీపీ మాత్రలనే, అంటే మన దగ్గర ఎనలాప్రిల్ రకానికి చెందిన మాత్రలనే, అవసరమైన వారందరికీ వదలకుండా ఇచ్చారు. వాటి వాడకం 5 ఏళ్లలో 42 శాతం నుంచి 74 శాతానికి పెరిగింది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని ఏటా చూశారు, మందు మానేసిన మనిషి ఇంటికి వెళ్లి ఎందుకు మానేశాడో కనుక్కున్నారు.

సందేహి

మంచి వివరాలు. అయితే పిమా ప్రజల విషయంలో జన్యువులే ప్రధాన కారణమని కాలేజీ రోజుల్లో చదువుకున్నాను. కరువు కాలంలో కొవ్వును దాచిపెట్టుకునే 'పొదుపు జన్యువు' గురించి 1962లో జేమ్స్ నీల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రసిద్ధమే కదా. ఒంట్లోనే ఉన్నదానికి నదిని, రేషన్‌ను తప్పుపట్టడం ఎంతవరకు సబబు?

గీలా తీరవాసి

జన్యువుల పాత్ర లేదని నేను అనడం లేదు. కానీ సరిహద్దుకు అవతల, మెక్సికోలోని సొనోరా కొండల్లో మైకోబా అనే ఊరి చుట్టుపక్కల ఇదే వంశానికి చెందిన పిమాలు ఉన్నారు. వారు కొండ చేలల్లో మొక్కజొన్న, చిక్కుళ్లు పండించుకుంటూ, ఒళ్లు వంచి పనిచేస్తూ బతికేవారు. 2006లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం వారిలో మధుమేహం సుమారు 7 శాతం మందికి ఉంటే, అరిజోనా పిమాలలో 38 శాతం మందికి ఉంది. రక్తం ఒక్కటే, తిండీ పనీ వేరు. నీల్ కూడా తన సిద్ధాంతాన్ని తర్వాతి కాలంలో మళ్లీ ప్రశ్నించుకున్నాడు.

"మీ ఒంట్లోనే ఉంది" అన్న మాట గూడెంలో వినేవారికి "మీ రాత ఇంతే" అన్నట్టుగానే చేరుతుంది. నా కౌంటరు దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు "మా తాతకు కాలు తీసేశారు, మా నాన్నకు తీసేశారు, నాకూ తీసేస్తారు" అని వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెబుతారు. ఆ మాటను పోగొట్టడం మాత్ర ఇవ్వడం కంటే కష్టం.

ఇప్పచెట్టు నీడ

నేను కోయ కుర్రవాడిని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. శబరి ఒడ్డు అక్కా, ఆ అవ్వ మా అవ్వ కాకపోవచ్చు కానీ, అలాగే అడిగే మనిషే మా ఇంట్లోనూ ఉంది.

మా అవ్వకు షుగర్ అని చెప్పినప్పుడు ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు గారు తెలుగులో గబగబా చెప్పి పంపించారు. ఆమెకు అర్థమైంది ఒక్కటే: పంచదార తినకూడదు. అప్పటినుంచి ఆమె టీలో చక్కెర మానేసింది, ఎంతో నిష్ఠగా మానేసింది. కానీ మూడు పూటలా గిన్నెకు గోపురం కట్టినట్టు రేషన్ బియ్యం అన్నం, పైన పలచటి పప్పు నీళ్లు, పచ్చిమిరపకాయ. ఆరు నెలల తర్వాత షుగర్ ఇంకా పెరిగిందని చెబితే, "నేను చక్కెర ముట్టలేదు, మీ మిషనే చెడిపోయింది" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు.

ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న పోడులో జొన్న, సామ, కంది, అలసంద కలిపి చల్లేవాడట. కోత కోసినకొద్దీ ఒక్కొక్కటి ఇంటికి వచ్చేదట. వెదురు కొమ్ములు, ఆకుకూరలు, ఇప్పపువ్వు, తునికి పళ్లు కాలాన్ని బట్టి దొరికేవి. 1983లో 2 రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్ని ఇళ్లలో ఆకలి తీర్చిందో మాకు తెలుసు కాబట్టి దాన్ని తిట్టే హక్కు మాకు లేదు. ఇప్పుడు తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అన్నం మెత్తగా ఉంటుంది, అవ్వకు ఇష్టం. గీలా తీరవాసి గారు రాసిన రేషన్ మూట సంగతి చదువుతుంటే మా ఇంటి అటక మీదున్న సంచే కళ్లముందుకు వచ్చింది. ఒక్క తేడా ఉంది. వాళ్ల నదిని మళ్లించారు, మా పోడును అటవీ శాఖ కంచె వేసి ఆపింది.

సందేహి

1982లో ఆస్ట్రేలియాలో కెరిన్ ఓడియా అనే శాస్త్రవేత్త, మధుమేహం ఉన్న 10 మంది ఆదివాసులను పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెర్బీ ప్రాంతంలో 7 వారాల పాటు తమ పాత వేట జీవితానికి తీసుకువెళ్లిందని, వారి బరువు సగటున 8 కిలోల దాకా తగ్గి, షుగర్ బాగా మెరుగుపడిందని చదివాను. మీ వాదన ప్రకారం అందరినీ మళ్లీ అడవికి పంపితే సరిపోతుందా?

ఇప్పచెట్టు నీడ

అన్నా, మేము అడవిలోనే ఉన్నాం, ఇంకెక్కడికి పంపుతారు? మేము అడిగేది వెనక్కి పోవడం కాదు. రేషన్ డిపోలో బియ్యంతో పాటు జొన్నలు, కందులు ఇమ్మని, పోడు పట్టా ఉన్న భూమిలో వాటిని పండిస్తే కొనమని అడుగుతున్నాం.

మాంట్రియల్ తెలుగు

కెనడా వైపు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. మాంట్రియల్ నగరం నుంచి సెయింట్ లారెన్స్ నది దాటితే కానవాకే అనే మోహాక్ ప్రజల ఊరు వస్తుంది. 1980లలో ఆ ఊళ్లో పనిచేసే ఇద్దరు కుటుంబ వైద్యులు తమ రోగుల కాగితాలన్నీ తిరగేసి, 45 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువారిలో 12 శాతం మందికి మధుమేహం ఉందని లెక్క తేల్చారు. ఆ లెక్కను పత్రికకు పంపి ఊరుకోకుండా ఊరి పెద్దల ముందు పెట్టారు. పెద్దలు "మా సంగతి సరే, పిల్లలకు రాకుండా ఏం చేస్తారో చెప్పండి" అని అడిగారు. 1994లో బడుల్లో మధుమేహ నివారణ ప్రాజెక్టు మొదలైంది అలాగే. బడిలో ఆరోగ్య పాఠాలు పెట్టారు, చిరుతిళ్లను కట్టడి చేశారు, ఊరంతా కలిసి నడిచే కార్యక్రమాలు పెట్టారు, అన్నిటి మీదా ఊరివారితో కూడిన సలహా మండలి పెత్తనం ఉంచారు. పరిశోధన ఫలితాలు ముందు ఊరికి చెప్పి, ఆ తర్వాతే బయటికి పంపాలని 1995లో ఒక నియమావళి రాసుకున్నారు.

అన్నీ అనుకున్నట్టే జరిగాయని మాత్రం చెప్పలేను. తీపి, కొవ్వు పదార్థాలు తినడం తగ్గినా, 8 ఏళ్లు గడిచాక చూస్తే పిల్లల శరీరంలో కొవ్వు ఆశించినట్టు తగ్గలేదు. వారు ఆ సంగతిని దాచకుండా ప్రచురించారు, పని మానలేదు. ఏడాది ప్రాజెక్టు పెట్టి, చివరి నెలలో ఫోటోలు తీసి, ఫైలు మూసేసే అలవాటున్న మనకు ఇది కొంచెం కొత్తగా అనిపించవచ్చు.

మన్యం వైద్యుడు

పాడేరు వైపు పనిచేస్తున్నాను. సిస్టర్, మీ మొదటి టపాలో అందరూ దాటిపోయిన ముక్క ఒకటి ఉంది: మీ రోగులు సన్నగా ఉన్నారు. అమెరికా అనుభవాన్ని ఇక్కడికి తెచ్చుకునే ముందు చూసుకోవలసింది అదే.

అమెరికాలో 3,234 మందితో జరిగి, 2002లో ఫలితాలు వెలువడిన నివారణ అధ్యయనంలో, బరువు 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలన్న లక్ష్యంతో సాగిన వారిలో జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఆ తర్వాత అమెరికా ఆదివాసుల నివారణ కార్యక్రమాలు కొన్ని ఆ పునాది మీదే నడిచాయి. అయితే అందులో చేరినవారు భారీకాయులు. నా ఓపీకి వచ్చేవారిలో 42 కిలోల మనిషి ఉంటుంది, కట్టెల మోపుతో రోజూ కొండ ఎక్కి దిగుతుంది. ఆమెకు బరువు తగ్గమని, నడవమని చెప్పడం వైద్యం కాదు, వెక్కిరింత. చిన్ననాటి పోషకాహార లోపం వల్ల ఇన్సులిన్ తక్కువగా తయారయ్యే సన్నటి వారి మధుమేహాన్ని 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య టైప్ 5 అని ప్రత్యేకంగా గుర్తించింది. సన్నగా ఉన్న ప్రతివారికీ అదేనని కాదు. కానీ అటువంటి మనిషికి తిండి తగ్గించకూడదు, తిండి మార్చాలి. పళ్లెంలో అన్నం కొంత తగ్గితే, ఆ ఖాళీలోకి పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర రావాలి. అవి ఎక్కడినుంచి వస్తాయో కూడా మనమే ఆలోచించాలి.

రెండో సంగతి పరీక్ష. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఏజెన్సీలో గుడ్డిగా నమ్మకండి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి అది ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది, ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఎక్కువ చూపుతుంది. మన గూడేలలో ఈ రెండూ ఉన్నాయి. నా దగ్గర ఒకామెకు ఆ పరీక్షలో అంతా బాగుందని వచ్చింది, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 260 ఉంది. పరగడుపు పరీక్ష, గ్లూకోజు పరీక్ష, వీటినే నమ్ముకోవడం మేలు. సికిల్ సెల్ కార్డు చూడకుండా ఆ కాగితం చదవకూడదు.

ఇన్సులిన్ వాడేవారికి ఫ్రిజ్ లేదని మందు ఆపేసిన సందర్భాలు నేను చూశాను. కొత్త కుండలో సగం దాకా తడి ఇసుక పోసి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను ఇసుకలో దించి, పైన తడి గుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో ఉంచమంటాను. వాడుకలో ఉన్న సీసాకు నెల రోజుల పాటు అది చాలు. పాదాల విషయంలో ఒక్క మాట: ముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలియని కాలు ప్రమాదంలో ఉన్న కాలు. పొయ్యి దగ్గర కాలు చాపుకొని కూర్చునే చలికాలంలో మాకు పుండ్ల కేసులు పెరుగుతాయి.

చిరుధాన్యాల మీద భక్తి ఉన్నవారు కోప్పడకండి. చోళ్లను, అంటే రాగులను, మెత్తటి పిండి చేసి, బాగా ఉడికించి, అంబలిగా తాగితే షుగర్ వేగంగానే పెరుగుతుంది. అదే సామ అన్నమో, జొన్న రొట్టెతో పప్పో అయితే నెమ్మదిస్తుంది. బెల్లం దట్టించిన లడ్డు, ఇప్పపువ్వుది అయినా, షుగర్ రోగికి లడ్డే.

గీలా తీరవాసి

డాక్టర్ గారి చివరి పేరాకు జోడింపు. ఓఓధమ్ ప్రజల పాత పంటల్లో టెపరీ అనే చిన్న చిక్కుడు గింజ ఉంది. వానాకాలపు వరద ఒక్కసారి తగిలితే ఎడారిలో పండుతుంది, నెమ్మదిగా అరుగుతుంది. పక్కనే ఉన్న టొహోనో ఓఓధమ్ వారు దానిని పలికే తీరు నా చెవికి 'బావి' అన్నట్టే వినిపిస్తుంది, మన బావికి దానితో సంబంధం లేదు. దాన్ని వండిన తీరు చూస్తే మన ఉలవలు గుర్తుకు రాక మానవు. దశాబ్దాల న్యాయపోరాటం తర్వాత 2004లో వచ్చిన చట్టంతో గీలా ప్రజలకు ఏడాదికి 6,53,500 ఎకరా అడుగుల నీటి కేటాయింపు దక్కింది, మన లెక్కలో సుమారు 28 టీఎంసీలు. నీళ్లు పోయిన శతాబ్దం తర్వాత కాగితం మీద తిరిగి వచ్చాయి. పొలాలు, గింజలు, వండే చేతులు అన్నీ ఒక్క ఏడాదిలో తిరిగి రావు కదా.

నవాహో ప్రజల మరో ప్రయత్నం కూడా చెప్పాలి. 2014లో వారి మండలి తాజా కూరగాయలు, పండ్ల మీద తమ అమ్మకపు పన్ను ఎత్తేసి, చిరుతిళ్లు, తీపి పానీయాల మీద అదనంగా 2 శాతం వేసింది. ఆ డబ్బు ఊళ్ల ఆరోగ్య పనులకే పోతుంది.

సందేహి

నా సందేహాలు చాలావరకు తీరాయి. మా విశ్వవిద్యాలయంలో ఒక మిత్రుడు ఆదివాసుల మధుమేహ జన్యువుల మీద పని చేద్దామంటున్నాడు. శబరి ఒడ్డు గారూ, క్యాంపుల్లో ఎలాగూ రక్తం తీస్తారు కాబట్టి, కొన్ని నమూనాలు అతనికి అందేలా చూడగలరా?

గీలా తీరవాసి

సందేహి గారూ, దయచేసి ఆగండి. ఇదే అరిజోనాలో, గ్రాండ్ కెన్యన్ లోయ అడుగున ఉండే హవసుపాయి తెగవారు 1990లో మధుమేహ పరిశోధన కోసమని అరిజోనా స్టేట్ యూనివర్సిటీవారికి రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, వారి పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న విషయం మీద కూడా పరిశోధనలకు వాడారని తర్వాత తెలిసింది. తాము ఈ లోయలోనే పుట్టామని నమ్మే ప్రజలు వారు. 2010లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన రక్త నమూనాలను తెగకు తిరిగి అప్పగించారు.

ఇప్పచెట్టు నీడ

రక్తం కావాలంటే గ్రామసభకు రండి. ఏ పనికో కోయ భాషలో చెప్పండి. అక్క చేతి మీదుగా పక్కదారిన తీసుకోవద్దు.

సందేహి

తప్పు ఒప్పుకుంటున్నాను. మిత్రుడికి ఈ చర్చ లింకు పంపాను.

శబరి ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలుగా ఏమీ రాయకపోవడానికి కారణం జ్వరాల సీజన్. ఈలోగా జరిగినవి చెబుతాను.

ముందు పోస్టరు తీసేశాను. ఇప్పచెట్టు నీడ తమ్ముడు కోయలో మాట్లాడి పంపిన నాలుగు నిమిషాల ఆడియోను ఆశా కార్యకర్తల ఫోన్లలో వేశాను. గూడెం పెద్ద ఇంటి ముందు కూర్చుని, ఆడవాళ్లతో అసలు పళ్లేలనే తెప్పించి, అందులో అన్నం ఎంత, కూర ఎంత అని వాళ్లచేతనే చూపించాను. మేము ఏదీ తగ్గించమనలేదు. అలసందలు ఉడకబెట్టి అన్నంలో కలపడం ఒకామె చూపించింది, వాళ్ల అత్త అలాగే వండేదట. పప్పుకే డబ్బులు లేనప్పుడు గుడ్డు ఎక్కడినుంచి తేవాలని ఇంకొకామె అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు, అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడతానన్నాను.

మా షుగర్ క్లినిక్ ఇన్నాళ్లూ మంగళవారం ఉండేది. సంత శుక్రవారం. మంగళవారం కూలి పోగొట్టుకొని 9 కిలోమీటర్లు నడిచి ఎవరు వస్తారు? డాక్టరు గారిని అడిగి శుక్రవారానికి మార్పించాను, సంతలో ఉప్పు చేపలు అమ్మే వరుస పక్కన చింతచెట్టు కింద బల్ల వేశాం. పరగడుపున ఎవరూ సంతకు రారు కాబట్టి మామూలు పరీక్ష చేసి, 200 దాటినవారికి, మధ్యలో ఉండి అనుమానం ఉన్నవారికి మరుసటి వారం గూడెంలోనే తెల్లవారుజామున పరగడుపు పరీక్ష అని చీటీ రాసి ఇస్తున్నాం. మందు మానేసిన 14 మందిలో 9 మంది ఆ బల్ల దగ్గరే దొరికారు. ఇద్దరు మానేయడానికి కారణం మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పడం. అన్నం తిన్న తర్వాత వేసుకోవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మన్యం వైద్యుడు సార్, ఒక్క సందేహం. గర్భిణులకు గ్లూకోజు నీళ్లు తాగిస్తే సగం మంది వాంతి చేసుకుంటున్నారు. అర గంటలోపు వాంతి అయితే ఆ రోజు పరీక్ష వదిలేసి ఇంకో రోజు రమ్మనాలా? శుక్రవారం సంత దాటితే వాళ్లు మళ్లీ దొరకరు.

మన్యం వైద్యుడు

అర గంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు సిస్టర్, మర్నాడు మళ్లీ చేయాలి. సంత రోజున వాంతి చేసుకున్న వారి గూడెం పేరు రాసుకొని, మరుసటి ఉదయం ఆశాతో కలిసి మీరే వెళ్లండి. గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో కలిపి, గుక్క గుక్కగా 5 నుంచి 10 నిమిషాల్లో తాగించండి, గబగబా తాగితేనే వికారం ఎక్కువ. నీడలో కూర్చోబెట్టండి. ఉప్పు చేపల వరుసకు మాత్రం దూరంగా.